ఒక్కరు సంతకం పెట్టకపోతే పాత మేడ బాగుచేసుకోలేమా?

ప్రశ్న: ఊరి నడిబొడ్డున మా తాతగారు స్వార్జితంతో కట్టించిన రెండంతస్తుల మేడ ఏళ్ల తరబడి ఖాళీగా ఉంది. ఆయన 1988లో వీలునామా రాయకుండా పోయారు, నానమ్మ కూడా లేరు. నాన్నకు ఒక అక్క, ఇద్దరు తమ్ముళ్లు. బాగుచేసి కింద దుకాణాలకు, పైన ఆఫీసులకు అద్దెకిద్దామని నాన్న, పెద్ద బాబాయి అనుకున్నారు. విదేశంలో ఉన్న చిన్న బాబాయి సంతకం పెట్టరు, వద్దనీ అనరు. ఇప్పుడు మున్సిపాలిటీవాళ్లు శిథిల భవనమంటూ తలుపుకు నోటీసు అంటించారు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ నోటీసు సంగతి చూడండి. జవాబివ్వకుండా గడువు దాటనిస్తే కూల్చివేత దాకా వెళ్తుంది. స్ట్రక్చరల్ ఇంజినీరు చేత పరీక్ష చేయించి, ఆయన రిపోర్టు జతపరిచి, కూల్చకుండా మరమ్మతుకు అనుమతి ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. పగుళ్లలో రావిమొక్కలు మొలిచిన గోడలు, వంగిన దూలాలు ఉంటే వెంటనే ఆసరాలు పెట్టించండి. పడిపోకుండా కాపాడే పని ఏ వాటాదారైనా చేయించవచ్చు, దానికి చిన్న బాబాయిగారి సంతకం అక్కర్లేదు. బిల్లులు, ఫొటోలు భద్రపరచండి. రేపు పంపకాల్లో ఆ ఖర్చు లెక్కలోకి తెమ్మని అడగడానికి అవే ఆధారం.

అద్దెకివ్వడం వేరే సంగతి. నాన్నగారు రాసే లీజు ఆయన వాటాకే చెల్లుతుంది. మొత్తం మేడను తాకట్టు పెట్టాలన్నా అందరి సంతకాలూ కావాలి.

మీ మేనత్తగారు ఒప్పుకున్నారో లేదో మీరు రాయనే లేదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆమెకూ నాలుగో వంతు ఉంది. ఆడపడుచును పక్కనపెట్టి అన్నదమ్ములు రాసుకున్న ఒప్పందాల వల్లే ఎన్నో మంచి కట్టడాలు కోర్టు వాయిదాల మధ్య కూలిపోతున్నాయి. ముందు ఆమెతో మాట్లాడండి.

అప్పటికీ చిన్న బాబాయిగారు కదలకపోతే పంపకం దావా వేయవచ్చు. మేడను నాలుగు ముక్కలు చేయడం సాధ్యం కాదు కనుక 1893 నాటి పంపకాల చట్టం రెండో సెక్షన్ మీకు పనికొస్తుంది. సగం, అంతకు మించి వాటా ఉన్నవారు కోరితే కోర్టు అమ్మకానికి ఆదేశించవచ్చు. నాన్నగారు, పెద్ద బాబాయిగారు కలిస్తేనే సగం అవుతుంది. వేలంలో వాటాదారులూ పాడుకోవచ్చు. అయితే ఒక చిక్కుంది. మూడో సెక్షన్ కింద చిన్న బాబాయిగారే ముందుకొచ్చి, కోర్టు కట్టిన విలువకు అమ్మకం కోరినవారి వాటాలు కొనుక్కోవచ్చు. మేడ చేజారినా ఫర్వాలేదనుకుంటేనే అమ్మకం కోరండి.

అమెరికాలోని పెన్సిల్వేనియాలో 2008 నుంచి ఒక చట్టం ఉంది. యజమానులు గాలికొదిలేసిన భవనాన్ని బాగుచేయించే బాధ్యతను కోర్టు మరొకరికి అప్పగించవచ్చు. అలాంటి చట్టం మన నగరాలకూ రావాలని గట్టిగా కోరుకుంటాను.

ప్రస్తుతానికి ఇంజినీరు రిపోర్టు, ఖర్చు అంచనా, పవర్ ఆఫ్ అటార్నీ (తన తరఫున సంతకాలు పెట్టే అధికారాన్ని ఇక్కడివారికి ఇచ్చే పత్రం) ముసాయిదా కలిపి చిన్న బాబాయిగారికి లాయరు నోటీసు పంపించండి. ఆయన అక్కడి భారత కాన్సులేట్‌లో సంతకం చేస్తే చాలు, రానక్కర్లేదు. ఆ పత్రం ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించడం మరవకండి.