ఆవిడ మాట ఎవరు రాసుకున్నారు?

అమ్మాయీ,

శ్రీకాకుళం జిల్లా సోంపేటలో థర్మల్ విద్యుత్ ప్లాంటు మీద జరిగిన పోరాటం గురించి నువ్వు పంపిన కథ చదివాను. బీలలో, అంటే అక్కడి చిత్తడి నేలలో, తుంగ కోసే ముసలమ్మ నన్ను వదలడం లేదు. కానీ నాలుగో పేజీలో కోపం వచ్చింది. హైదరాబాద్ నుంచి ఒక కుర్రాడు బస్సు దిగి, ఊరివాళ్లకు వాళ్ల హక్కులు చెప్తాడు. అప్పటిదాకా వాళ్లకేమీ తెలియదా? పేజీ తిప్పగానే తుపాకులు పేలతాయి.

2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అంతకుముందు నెలల తరబడి అక్కడి రైతులు, మత్స్యకారులు రిలే దీక్షల్లో కూర్చున్నారు. బీల బీడు భూమి కాదు, నీళ్లూ చేపలూ పక్షులూ ఉన్న చోటు అని ఢిల్లీ దాకా అప్పీలుకు వెళ్లారు. కాల్పులు జరిగిన రోజే పర్యావరణ అప్పీళ్ల అథారిటీ ఆ థర్మల్ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. ఇదంతా నీ కథలో లేదు.

ప్లాంటుకు అనుమతి ఇచ్చే ముందు జరిపే ప్రజాభిప్రాయ సేకరణ సభను 'జనం అరిచారు' అని ఒక్క లైనులో దాటేశావు. పర్యావరణ ప్రభావ అంచనాపై కేంద్రం తెచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం ఆ సభకు కనీసం 30 రోజుల ముందు నోటీసివ్వాలి. చివర్లో జనం చెప్పినవాటి సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించాలి. 2020లో ఆ గడువును 20 రోజులకు తగ్గించాలని ముసాయిదా తెచ్చారు. ప్లాంటు ప్రభావం మీద వందల పేజీల రిపోర్టును ఎవరితోనైనా చదివించుకోవాల్సిన మనిషికి ఆ పది రోజులు ఎంత అవసరమో ఆలోచించు.

అలాంటి సభకు ఒకసారి వెళ్లాను. ఒక మత్స్యకారుడు 'నా మాట ఏమని రాశారో చదవండి' అని మైకు వదల్లేదు. 'ఉపాధి గురించి అడిగారు' అని ఉంది. ఆయన అడిగింది సముద్రానికి వెళ్లే దారి. కొట్టేయించి మళ్లీ రాయించాడు. ప్రజాస్వామ్యం బాగుపడడం నేను కళ్లారా చూసింది ఆ ఒక్కరోజే.

దాన్నే కథగా రాస్తే ఒక వారపత్రిక ఎడిటర్ ఆ భాగం మొత్తం తీసేశాడు. 'ఇదంతా ఆఫీసు గోల, పోరాటం ఏదీ?' అన్నాడు. అచ్చవ్వాలన్న ఆశతో ఒప్పుకున్నాను. ఆ కథను ఇప్పటికీ తిరిగి చదవలేను. ఉద్యమ కథంటే నెత్తురుండాలనే ఈ ఫ్యాషన్ నీలాంటి వాళ్లనూ పాడు చేస్తోంది.

ఆ కుర్రాణ్ణి తీసెయ్. ముసలమ్మను సభకు తీసుకెళ్లు. మైకు దగ్గర ఆవిడ ఏమందో, కాగితం మీద ఏం రాసుకున్నారో రెండూ రాసి మళ్లీ పంపు.