ఉబుంటు మార్చాక వైఫై పోయిందన్న అబ్బాయికి

చిరంజీవి నాయనకు అనంతపురం నుంచి మీ చిన్నాయన ఆశీర్వదించి రాయునది.

నీ చిన్న ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు వాడే ఉబుంటు లినక్స్‌ను 22.04 నుంచి 24.04కి అప్‌గ్రేడ్ చేసినప్పటి నుంచి వైఫై గుర్తే కనబడటం లేదని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఏడు రోడ్ల దగ్గర ఎవరికో చూపిస్తే కార్డు పోయింది, మార్చాలి అన్నారట. అప్పుడే డబ్బులు ఇవ్వకు. ఫార్మాట్ అసలే కొట్టకు. ముందు రోజు దాకా పనిచేసిన కార్డు సరిగ్గా అప్‌గ్రేడ్ అయిన పూటే చచ్చిపోవడం చాలా అరుదు. బోరు మోటార్ బాగానే ఉండి స్టార్టర్ పట్టుకోకపోతే ఎవరైనా మోటార్ పైకి లాగుతారా?

కార్డును నడిపేది డ్రైవర్. కొన్ని కంపెనీల డ్రైవర్లు ఉబుంటుకు గుండెకాయ లాంటి లినక్స్ కెర్నల్‌లోనే ఉంటాయి. కొన్ని బయట ఉంటాయి, కెర్నల్ మారిన ప్రతిసారీ దానికి తగ్గట్టు మళ్ళీ తయారు కావాలి. 22.04 వచ్చింది 5.15 కెర్నల్‌తో, 24.04 వచ్చింది 6.8తో. ఆ మార్పులో డ్రైవర్ తయారీ మధ్యలో ఆగిపోతే కార్డు ఉండీ లేనట్టే.

ఇది నిజమో కాదో తేల్చుకోవడానికి మంచి దారి ఒకటుంది. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూనే ఎస్కేప్ మీట ఒక్కసారి కొట్టు. పదే పదే కొడితే మెనూ దాటిపోయి నల్ల తెర వస్తుంది, అలా వస్తే మళ్ళీ మొదలుపెట్టు. మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి, పాత నంబరు కెర్నల్ ఇంకా ఉంటే దానితో బూట్ చెయ్యి. అందులో వైఫై వచ్చిందంటే కార్డు నిక్షేపంగా ఉన్నట్టే. అందుకే సమస్య తీరేదాకా పాత ప్యాకేజీలు తీసేసే ఆటోరిమూవ్ జోలికి పోవద్దు. పాత కెర్నల్ పోతే ఈ పరీక్షా పోతుంది.

తర్వాత కమాండ్లు టైపు చేసే టెర్మినల్ తెరిచి, ఏది వైఫైని ఆపేసిందో చూపించే ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టు. హార్డ్ బ్లాక్డ్ ఎదురుగా ఎస్ అని ఉంటే ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తీయలేదు. కీబోర్డు పై వరుసలో విమానం బొమ్మో యాంటెన్నా బొమ్మో ఉన్న మీట నొక్కాలి. సాఫ్ట్ బ్లాక్డ్ ఎదురుగా ఎస్ అని ఉంటే ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ ఆల్ అని కొడితే చాలు.

రెండూ నో అని వచ్చినా, అసలు వైఫై పేరే కనబడకపోయినా అప్పుడు కార్డు పేరు కనుక్కో. ఎల్ఎస్‌పీసీఐ అని కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి ఎన్ఎన్‌కె అని రాయి. నెట్‌వర్క్ కంట్రోలర్ అన్న లైను వెతుకు. బ్రాకెట్లలో 14ఈ4తో మొదలైతే బ్రాడ్‌కామ్, 8086 అయితే ఇంటెల్, 10ఈసీ అయితే రియల్‌టెక్, 168సీ అయితే ఏథరోస్. దాని కింద డ్రైవర్ ఇన్ యూజ్ అన్న లైనే లేకపోతే డ్రైవర్ ఎక్కలేదన్నమాట. కాలేజీ ల్యాబులో నేను ఇన్నేళ్లు పిల్లలకు చెప్పింది ఇదొక్కటే. కార్డు పేరు తెలియకుండా ఎవరో రాసిన కమాండ్లు కొట్టొద్దు. వాళ్ళ కార్డుకు మందైంది నీ కార్డుకు కొత్త జబ్బు తెస్తుంది.

నీ మిషన్ వయసు చూస్తే అది బ్రాడ్‌కామ్ 43142 అయి ఉంటుందని నా అనుమానం. అదే అయితే దారి సులువే. నెట్ లేకుండా డ్రైవర్ ఎలా దించుకోవాలని టెన్షన్ పడకు. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చెయ్యి. దానికి వైఫై కార్డుతో పనే లేదు. ఆ నెట్‌తో సాఫ్ట్‌వేర్ అండ్ అప్‌డేట్స్ తెరిచి, అడిషనల్ డ్రైవర్స్ ట్యాబ్‌లో బ్రాడ్‌కామ్ డ్రైవర్ ఎంచుకుని అప్లై కొట్టు. డ్రైవర్ అక్కడే తయారవుతుంది, కాసేపు పడుతుంది. మధ్యలో మూత వేయకు.

చాలామంది ఆగిపోయేది దీని తర్వాతే. సెక్యూర్ బూట్, అంటే నమ్మకమైన ముద్ర లేని సాఫ్ట్‌వేర్‌ను ఆన్ అయ్యేటప్పుడే ఆపే రక్షణ, ఆన్‌లో ఉంటే ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమంటుంది. కనీసం 8 అక్షరాలు. తేలికైనది పెట్టి కాగితం మీద రాసుకో, మళ్ళీ ఒక్కసారే కావాలి. రీస్టార్ట్ చేయగానే నీలం తెర వస్తుంది. ఏదో ఎర్రర్ అనుకుని వదిలేస్తే కొన్ని సెకన్లలో అదే దాటిపోయి మామూలుగా బూట్ అవుతుంది, డ్రైవర్ మాత్రం ఎక్కదు. అంతా సరిగ్గా చేశాను కదా, ఎందుకు రాలేదని తల పట్టుకుంటారు. ఆ తెర రాగానే ఏదో ఒక మీట నొక్కి, ఎన్‌రోల్ ఎంఓకే ఎంచుకుని, కంటిన్యూ, ఎస్ కొట్టి, ఆ పాస్‌వర్డ్ ఇవ్వు. సెక్యూర్ బూట్ ఆపేసినా పని జరుగుతుంది. కానీ రెండు నిమిషాల పని కోసం రక్షణ వదులుకోవడం నాకు నచ్చదు.

ఇంటెల్, ఏథరోస్ అయితే డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటుంది కాబట్టి కార్డు లోపల నడిచే చిన్న ప్రోగ్రాములుండే లినక్స్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ మళ్ళీ ఇన్‌స్టాల్ చేసి చూడు. రియల్‌టెక్ అయితే నంబరు చూశాక మాట్లాడదాం.

వైఫై వచ్చాక మాటిమాటికీ తెగిపోతుంటే అది పవర్ సేవింగ్ పని కావచ్చు. నెట్‌వర్క్ మేనేజర్ సెట్టింగుల ఫోల్డర్లో వైఫై పవర్‌సేవ్ అన్న ఫైలు ఉంటుంది, అందులో 3 ఉన్నచోట 2 పెట్టి రీస్టార్ట్ చెయ్యి. ఫోన్లో కనబడే 5 గిగాహెర్ట్జ్ పేరు నీ ల్యాప్‌టాప్‌లో రాకపోతే కంగారు పడకు. 43142కి 2.4 ఒక్కటే తెలుసు. రూటర్‌లో 2.4 పేరు విడిగా ఆన్ చేయించుకో.

ఇవన్నీ చేసినా రాకపోతే ఆ ఎల్ఎస్‌పీసీఐ లైను, దాని కింది లైన్లు కలిపి తెర ఫొటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. మాటల్లో చెప్తే నంబర్లు తప్పుతాయి. సాయంత్రం ఫోన్ చేస్తే పక్కన కూర్చున్నట్టే చెప్తా. అమ్మనూ నాయననూ అడిగానని చెప్పు.

ఇట్లు
మీ చిన్నాయన