నోటుబుక్కులో మూడో గడి

తమ్ముడూ,

మైకేల్ ఒండాచీ 'రన్నింగ్ ఇన్ ద ఫ్యామిలీ' సగంలో ఆపేశానన్నావు. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియడం లేదని రాశావు. వంశవృక్షం గీసుకుంటూ చదివి ఉంటావు. ఆ కాగితం పక్కన పెట్టు.

1943లో కొలంబోలో పుట్టి, పదకొండేళ్లకే దేశం విడిచిన కవి ఆయన. 1978లో, మళ్లీ 1980లో శ్రీలంక వెళ్లి, చుట్టాల నోట విన్నవి పోగుచేసుకుని 1982లో తన కుటుంబ జ్ఞాపకాలుగా ఈ పుస్తకం తెచ్చాడు. చుట్టాలు ఏదీ వరసగా చెప్పరు కదా, ఒకరు చెబుతుంటే ఇంకొకరు అడ్డుపడతారు. 'లంచ్ కాన్వర్జేషన్' అధ్యాయం అచ్చం అలాగే ఉంటుంది, ఏ మాట ఎవరిదో చెప్పడు. దాన్ని పైకి చదువు. గొంతు మారిందనిపించిన చోటల్లా పెన్సిలుతో గీత పెట్టు.

మొదటిసారి ఎక్కడా ఆగకుండా చివరిదాకా వెళ్లిపో. నోటుబుక్కు రెండోసారికి. ఒక్కో అధ్యాయానికి మూడు గడులు: ఎవరు చెప్పారు, ఎప్పటి సంగతి, ఉండాల్సినవాళ్లలో ఎవరు లేరు. అసలు పని మూడో గడిది. 'హనీమూన్' అధ్యాయంలో శ్రీలంక కొండ ఊరు నువర ఎలియలో టెన్నిస్ పోటీలు, అమెరికా విమాన చోదకుడు లిండ్‌బర్గ్ బిడ్డ శవం దొరకడం, ఫ్రాన్స్ అధ్యక్షుడి హత్య, ఇలా 1932 నాటి వార్తలే ఉంటాయి. కొత్తగా పెళ్లయిన ఒండాచీ అమ్మానాన్నలు ఒక్క వాక్యంలో కూడా కనిపించరు. చాలా పేజీల తర్వాత ఇద్దరూ ఒకే ఫొటోలో, మొహాలు వికారంగా పెట్టి కనిపిస్తారు. అక్కడికి రాగానే వెనక్కి వెళ్లి 'హనీమూన్' మళ్లీ చదువు. కవితా పాదాల మధ్య ఖాళీని ఎలా వాడతారో, అధ్యాయాల మధ్య ఖాళీని ఈయన అలా వాడాడు.

పద్యాలు దాటేయకు. చాలామంది చేసే పొరపాటు ఇదే. వచనంలో పార్టీలు, గుర్రప్పందేలు, తాగుడు. 'హై ఫ్లవర్స్' కవితలోకి రాగానే కొబ్బరి తరిగే ఆడమనిషి, చెట్టు నుంచి చెట్టుకు తాడు మీద నడిచే కల్లుగీత మనిషి వస్తారు. పూర్వీకులు కన్నెత్తి చూడని మనుషులకు ఆయన కవితలో చోటిచ్చాడు. అది వదిలేస్తే పుస్తకమంతా డబ్బున్నవాళ్ల అల్లరిగా మిగులుతుంది. 'మాన్సూన్ నోట్‌బుక్' పేరుతో మూడు ముక్కలు దూరదూరంగా ఉంటాయి, వాటిని ఒకసారి కలిపి చదివి చూడు.

నిజమా కాదా అని వెతకడంతో కాలం పోగొట్టుకోకు. వరదలో కొట్టుకుపోతున్న ఆయన అమ్మమ్మ లల్లా చివరి ఘడియలు ఎవరు చూశారని? ఇది చరిత్ర కాదని చివర కృతజ్ఞతల్లో ఆయనే ఒప్పుకున్నాడు. అంత దగ్గరగా నిలబడి ఆ చావును ఎందుకు రాయాల్సి వచ్చిందన్నది మాత్రం ఆలోచించు.

ఒండాచీ నాన్న తాగి రైళ్లలో చేసిన ఆగడాలకు మొదటిసారి నవ్వొస్తుంది, నవ్వుకో. తర్వాత 'తనికమ' అధ్యాయం వస్తుంది. సింహళంలో ఒంటరితనమని. రాత్రి ఒక్కడే తాగుతూ కూర్చున్న ఆ మనిషి, తానింకా చదవని నవల పేజీని చీమలు మోసుకుపోతుంటే ఊరికే వదిలేస్తాడు. అది చదివిన రోజే రైలు అధ్యాయాలు మళ్లీ తీయి.