నడక దూరం లెక్కపెట్టడం మానేశాకే మా పిల్లలందరూ బయటికి రాగలిగారు

మీ ప్రశ్న చదువుతుంటే నాలుగేళ్ళ కిందట నేను అడిగినట్టే ఉంది. మీ బృందంలో 13 నుంచి 19 ఏళ్ళ వాళ్ళు ఇరవై మంది. ఒకబ్బాయి వీల్‌చైర్ వాడతాడు, ఒకమ్మాయికి చూపు బాగా తక్కువ, ఇంకొకమ్మాయికి వినపడదు, ఇద్దరు గుంపును చూస్తేనే బెదిరిపోతారు. ట్రెక్కింగ్ పెడితే కొందరు ఇంట్లోనే ఆగిపోతారు, పెట్టకపోతే మిగతావాళ్ళకి బోరు. అందరినీ కలిపి చెట్టూ పుట్టా దగ్గరికి తీసుకెళ్ళే దారేమిటని కదా అడిగారు.

నేనూ ఆదివారాలు ఇలాంటి బృందాన్నే నడుపుతున్నాను, జీతం బత్తెం లేని పని. నా తప్పుతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీరూ అదే చేసే అవకాశం ఎక్కువ.

మా మొదటి కార్యక్రమం చెరువు చుట్టూ 3 కిలోమీటర్ల నడక. వీల్‌చైర్ అబ్బాయి కూడా వస్తానన్నాడు. ‘ఏం ఫర్వాలేదు, మేం తోస్తాంలే’ అన్నాను. తీరా వెళ్తే గేటు దగ్గరే ఆగిపోయాం. బైకులు లోపలికి రాకుండా పాతిన ఇనుప స్తంభాల మధ్య కుర్చీ పట్టలేదు. అందరూ నా మొహం చూస్తున్నారు. ఆ కంగారులో ‘నువ్విక్కడ బ్యాగులు చూస్తూ ఉండు, గంటలో వచ్చేస్తాం’ అన్నాను. గంటన్నరకి తిరిగొచ్చేసరికి పద్ధెనిమిది బ్యాగుల మధ్య కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఏమీ అనలేదు. నెల రోజులు రాలేదు.

చివరికి నేనే ఫోన్ చేసి సారీ చెప్పాను. ‘అన్నా, ముందే ఒక్క మాట అడిగుంటే నేనే టేపు పట్టుకుని వచ్చి కొలిచేవాణ్ణి’ అన్నాడు. అప్పట్నుంచి ఏ చోటికి వెళ్ళాలన్నా వారం ముందు మేమిద్దరం వెళ్ళి చూసొస్తాం. నాకు తెలిసిన కొలతలన్నీ అతని దగ్గర నేర్చుకున్నవే. దారి కనీసం 90 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. కుర్చీ వెనక్కి తిరగాలంటే మీటరున్నర జాగా కావాలి. ర్యాంపు మీటరు ఎత్తు ఎక్కాలంటే 12 మీటర్ల పొడవు ఉండాలి, అంతకంటే నిటారుగా ఉంటే సొంతంగా ఎక్కడం కష్టం. ఇసుకలోనో మెత్తటి గడ్డిలోనో ముందున్న చిన్న చక్రాలు కూరుకుపోతాయి, అప్పుడు కుర్చీని తిప్పి వెనక్కి లాగాలి. అడక్కుండా కుర్చీ మీద చెయ్యి వెయ్యకూడదు. ఇదొక్కటీ రెండుసార్లు చెప్పించుకున్నాను.

ఆ రోజు నేను పొరబడింది గేటు విషయంలో ఒక్కటే కాదు. ప్రకృతి అంటే నడిచి చేరాల్సిన చోటు అనుకోవడమే అసలు పొరపాటు. ఎంత దూరం, ఎంత ఎత్తు అన్నది కొలత అయినంతకాలం ఎవరో ఒకరు బ్యాగుల దగ్గర కూర్చోక తప్పదు. కూర్చున్న చోటికే ప్రకృతి వచ్చే పనులు చూసుకుంటే గొడవే లేదు. అలాంటివి నేననుకున్నదానికంటే చాలానే ఉన్నాయి.

వాటన్నిట్లో నాకు ఇష్టమైనది దుప్పటి రాత్రి. పేరు మా పిల్లలు పెట్టిందే. రెండు చెట్ల మధ్య తాడు కట్టి తెల్లటి దుప్పటి వేలాడదీసి, దాని ముందు దీపం పెట్టడమే. కాసేపటికి మాత్‌లు, అంటే సీతాకోకచిలుకల దాయాదులైన దీపపు పురుగులు, ఒక్కొక్కటే వచ్చి వాలతాయి. వీటికోసమే 2012 నుంచి ఏటా జులైలో జాతీయ మాత్ వారం పేరుతో ఒక వేడుక జరుగుతోంది. పేరులో జాతీయమని ఉన్నా చాలా దేశాలవాళ్ళు పాల్గొంటారు. మామూలు బల్బుకీ వస్తాయి, అల్ట్రావయొలెట్ దీపానికి ఇంకా ఎక్కువ వస్తాయి. కాకపోతే దాని వైపు నేరుగా చూడొద్దని పిల్లలకి ముందే చెప్పాలి.

మొదటిసారి చేసినప్పుడు చూపు తక్కువున్న అమ్మాయి దుప్పటికి బెత్తెడు దూరంలో మొహం పెట్టి నిలబడింది. పగటిపూట పిట్టల్ని చూపించినప్పుడల్లా ‘ఎక్కడ?’ అని అడిగి అడిగి విసిగిపోయిన పిల్ల. ఇక్కడ తెల్లటి వెలుగు మీద పురుగు నల్లగా, కదలకుండా, కళ్ళ ముందే ఉంది. చాలాసేపు చూసి ‘దీని మీసాలు ఈకల్లా ఉన్నాయి, పక్కదానికి మాత్రం ఉత్త దారాల్లా ఉన్నాయేంటి?’ అంది. మా ఎవరికీ కనపడలేదది. చాలా జాతుల్లో మగ మాత్‌కి మీసాలు అలా ఈకల్లా విచ్చుకుని ఉంటాయి, ఆడదాని వాసనను దూరం నుంచే పసిగట్టడానికి. ఆ రాత్రి మిగతావాళ్ళు ఆమెను పిలిచి ‘ఇది చూడు, ఇది మగదా?’ అని అడగడం మొదలుపెట్టారు.

గుంపంటే భయపడే అబ్బాయి ఎక్కడా కనపడకపోతే నాకు టెన్షన్ వచ్చింది. తీరా చూస్తే దుప్పటి వెనకవైపు ఒక్కడే కూర్చున్నాడు. అటునుంచి పురుగుల కాళ్ళు, పొట్టలు నీడల్లా కనపడతాయట. పది నిమిషాలకి ఇంకొకరు వెళ్ళి పక్కన కూర్చున్నారు, మాట్లాడకుండా. ‘అందరితో కలువు’ అని నేను ఒత్తిడి చేసుంటే అది జరిగేది కాదు. ఇప్పుడు ప్రతి కార్యక్రమంలో ఒక ‘వెనకవైపు’ ఉండేలా చూస్తాను. ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు, కారణం ఎవరూ అడగరు. ఇలాంటి పిల్లలకి వెళ్ళబోయే చోటి ఫొటోలు, ఏ టైముకి ఏం చేస్తామన్నది ముందురోజే పంపితే సగం బెదురు పోతుంది.

రెండోది శబ్దాల పటం. కాగితం మధ్యలో ఇంటూ గుర్తు పెట్టి ‘అది నేనే’ అనుకోవాలి, పావుగంట కళ్ళు మూసుకుని, ఏ శబ్దం ఎటునుంచి వస్తే అటు ఒక గుర్తు గీయాలి. చాలా బాగుంటుంది. కానీ వినపడని అమ్మాయి చేతికి కాగితం ఇచ్చాకగానీ నేనేం చేస్తున్నానో నాకు తట్టలేదు. ఆ పిల్లే నవ్వి, కాగితం మీద గాలి ఎటునుంచి తగులుతోంది, ఎండ ఎటు, తన చెప్పుల కింద నేల ఎక్కడ అదురుతోంది అన్నవన్నీ గీసింది. దూరంగా లారీ వెళ్తోందని మాకంటే ముందే గుర్తు పెట్టేసింది. ఆ తర్వాత అందరికీ అదే పద్ధతి: చెవి, ముక్కు, చర్మం, ఏది కావాలంటే అది.

పిట్టల విషయంలో ఆమెకి పనికొచ్చింది మెర్లిన్ యాప్. కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల చేసింది, ఉచితం. కూత వినపడగానే అది తెర మీద గీతలుగా కదులుతుంది, ఏ పిట్టయి ఉంటుందో పేరూ చూపిస్తుంది. ఈల వేసినట్టు కూసేదానికి ఒక వంపు, టకటకలాడేదానికి నిలువు గీతలు. ఆమె ఆ గీతల ఆకారాలు పట్టేసింది. యాప్ తప్పు పేరు చెప్పిన రోజులూ ఉన్నాయి కాబట్టి కంటితో చూసినవాళ్ళు ఒప్పుకుంటేనే మా పుస్తకంలోకి ఎక్కిస్తాం. అంటే తెర చూసేవాళ్ళు, చెట్టు చూసేవాళ్ళు, రాసేవాళ్ళు, అందరికీ పనే. 1998 నుంచి ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ‘గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్’ జరుగుతుంది. ఒకచోట కనీసం 15 నిమిషాలు కూర్చుని కనపడినవి, వినపడినవి లెక్క రాసి పంపితే చాలు. నడవాలన్న రూలు లేదు. మా వీల్‌చైర్ అబ్బాయి రెండేళ్ళుగా దీనికి లీడరు.

‘చూపు సరిగా లేని పిల్లకి ప్రకృతి పరిశీలన ఏంటండీ’ అని పెద్దవాళ్ళెవరో మిమ్మల్నీ అడుగుతారు. నన్ను అడిగారు. నేను హీరట్ వెర్మెయ్ గురించి చెప్పాను. నెదర్లాండ్స్‌లో పుట్టి, మూడేళ్ళకే చూపు పూర్తిగా పోయిన మనిషి. గవ్వలూ నత్తగుల్లలూ వేళ్ళతో తడిమి చదివి, పీతలు కొరికితే పడిన పాత గాట్లను గుర్తుపట్టి, వేటాడేవాటికీ తప్పించుకునేవాటికీ మధ్య కోట్ల ఏళ్ళుగా సాగుతున్న పోటీ గురించి పరిశోధన చేసిన పరిణామ శాస్త్రవేత్త. ఆ తర్వాత ఆ ప్రశ్న మళ్ళీ రాలేదు. మేమూ బెరడు తడమడం, ఆకు నలిపి వాసన చూడటం చేస్తాం. ఒళ్ళు దురద పెట్టే మొక్కలు ఏవో పెద్దవాళ్ళు ముందే చూసి పెట్టాలి. చూపు తక్కువున్నవాళ్ళతో నడిచేటప్పుడు వాళ్ళ చెయ్యి పట్టుకుని లాక్కుపోకూడదు, వాళ్ళే మన మోచెయ్యి పట్టుకోవాలి.

ఫోన్లు లాక్కునే ఆలోచన ఉంటే మానుకోండి. ఒకరికి అది భూతద్దం, ఒకరికి చెవి. మొక్కల, పురుగుల ఫొటోలు పెట్టి పేర్లు తెలుసుకునే ఐనాచురలిస్ట్ లాంటి యాప్‌లలో ఫొటోలు పెట్టేటప్పుడు మాత్రం పిల్లలు ఉన్న చోటు కచ్చితంగా తెలియకుండా సెట్టింగు మార్చండి.

ఇక ఎవరూ మాట్లాడని సంగతి టాయిలెట్. మా బృందంలో నలుగురైదుగురు అమ్మాయిలు ‘చదువుకోవాలి’ అని తప్పించుకుంటుంటే ప్రకృతి మీద ఆసక్తి లేదనుకున్నాను. నాతో పనిచేసే ఒక అక్క విడిగా కూర్చుని మాట్లాడితే తేలింది: మూడు గంటలు టాయిలెట్ లేని చోట, పీరియడ్స్ వస్తే ఏం చెయ్యాలో తెలియక రావడంలేదు. చోటు మార్చాం, ప్యాడ్లున్న సంచి ఒకటి ఎవర్నీ అడక్కుండా తీసుకునేలా పెట్టాం. రెండు వారాల్లో అందరూ వచ్చారు. వీల్‌చైర్ పట్టే టాయిలెట్ కూడా ఉందో లేదో చూసుకోండి, బోర్డు ఉన్నంత మాత్రాన నమ్మొద్దు. ఒకచోట లోపల చీపుర్లు, బకెట్లు పేర్చి తాళం వేశారు.

బూట్లు, బైనాక్యులర్లు సొంతంగా తెచ్చుకోమని చెప్పకండి. మా దగ్గర బైనాక్యులర్లు రెండే ఉన్నాయి, వంతులవారీగా తిరుగుతాయి.

ఎంతసేపు బయట ఉంచితే ఫలితం ఉంటుందని కూడా అడిగారు. 2019లో ఇంగ్లండ్‌లో దాదాపు 20 వేల మంది పెద్దవాళ్ళ వివరాలతో ఒక అధ్యయనం వచ్చింది. వారానికి కనీసం 120 నిమిషాలు ప్రకృతిలో గడిపినవాళ్ళు, అసలు గడపనివాళ్ళకంటే తాము ఆరోగ్యంగా, హాయిగా ఉన్నామని ఎక్కువగా చెప్పారు. దీర్ఘకాలిక జబ్బులు, వైకల్యం ఉన్నవాళ్ళలోనూ అదే కనపడింది. ఆ సమయం ఒకేసారి గడిపినా, ముక్కలు ముక్కలుగా గడిపినా తేడా లేదు. బయట తిరిగితే ఆరోగ్యం వచ్చిందా, ఆరోగ్యం ఉన్నవాళ్ళే బయట తిరిగారా అన్నది దాన్నిబట్టి తేల్చలేం. నేను మాత్రం ఆ అంకెను పట్టుకుని కూర్చోను.

మీరు ఒక్కటే చేసి చూడాలంటే దుప్పటితో మొదలుపెట్టండి. అమావాస్యకి దగ్గరగా, గాలి లేని, కాస్త ఉక్కగా ఉన్న రాత్రి చూసుకోండి. వెన్నెల రాత్రి తక్కువ వస్తాయి. రెండు గంటలయ్యాక దీపం ఆర్పి, దుప్పటి మీదున్నవాటిని మెల్లగా దులిపి పొదల్లోకి వదిలెయ్యండి, తెల్లారేదాకా అలాగే ఉంచితే పిట్టలకి ఫలహారమైపోతాయి. కుర్చీలు అర్ధచంద్రాకారంలో వేసి, వీల్‌చైర్ కోసం మధ్యలో ఖాళీ ఉంచండి, చివర్లో కాదు. దుప్పటి పాతదే తీసుకెళ్ళండి. నేను ఇంట్లో చెప్పకుండా కొత్తది పట్టుకెళ్ళాను, ఆ మరకలు ఇంకా పోలేదు.