సమాధానం: బోర్డు మీది వింతకు పిల్లలు స్పందించకపోతే

మీరు పాఠశాల బోర్డుపై రోజూ రాస్తున్న వింత విషయాన్నీ జోకునూ పిల్లలు పట్టించుకోకపోవడానికి కారణం, బహుశా, జవాబును మొదటి వాక్యంలోనే చెప్పివేయడం. “శుక్రగ్రహం తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి 243 రోజులు పడుతుంది” అని రాస్తే, ఊహించడానికి ఏమీ మిగలక, చదివినవారు తలూపి వెళ్లిపోతారు.

1. ఉదయం ప్రశ్న మాత్రమే రాయండి: “శుక్రుడు సూర్యుని చుట్టూ తిరగడానికి సుమారు 225 భూమి రోజులు పడుతుంది. మరి తన చుట్టూ తాను తిరగడానికి?”

2. జవాబును మధ్యాహ్న భోజన విరామం వరకు ఆపండి. చాలామంది వదిలివేసే మెట్టు ఇదే. పిల్లలు తమలో తాము వాదించుకొని, పందాలు కాసుకొని, తప్పు అంకె చెప్పిన తరువాత 243 కనిపిస్తేనే, ఒక్క చుట్టు అక్కడి సంవత్సరాన్ని మించిపోయిందన్న ఆశ్చర్యం వారికి కలుగుతుంది. ఎవరైనా వచ్చి ఎంత బతిమాలినా ముందుగా చెప్పకండి.

3. జోకును ఆ విషయంలోనుంచే తీసి, నవ్వించే మాటను వాక్యం చివర ఉంచండి: “శుక్రగ్రహంలో కిరాణా కొట్టువాడు ‘అరువు రేపు’ అని బోర్డు పెడితే, ఆ రేపు రావడానికి దాదాపు నాలుగు నెలలు!”

అక్కడ ఒక సూర్యోదయం నుంచి మరుసటి సూర్యోదయానికి సుమారు 117 భూమి రోజులు కనుక ఈ లెక్క సరిపోతుంది. శుక్రుడు తన చుట్టూ తాను తిరుగుతూనే సూర్యుని చుట్టూ కూడా సాగుతాడు కనుక ఈ రెండు కాలాలూ ఒకటి కావు; 243 రోజులను పగలూ రాత్రీ కలిసిన కాలంగా రాస్తే మాత్రం సైన్సు మాస్టారికి దొరికిపోతారు.