రెట్ట వాసన ఏదీ?

తమ్ముడూ,

విలియం రసెల్ గ్రేస్ మీద నువ్వు రాసిన వ్యాసం రాత్రి రెండుసార్లు చదివాను. తేదీలు సరిగ్గానే ఉన్నాయి. 1832లో ఐర్లండ్‌లో పుట్టాడు, కరువు రోజుల్లో దేశం విడిచాడు, పెరూలో వ్యాపారం చేశాడు, 1880లో గెలిచి న్యూయార్క్‌కి మొదటి ఐరిష్ క్యాథలిక్ మేయరయ్యాడు. నిచ్చెన మెట్లు లెక్కపెట్టావు సరే, ఎక్కినవాడేడీ?

పెరూ తీరంలోని చించా దీవుల్ని ఒక్క వాక్యంలో దాటేశావు. అక్కడే ఆగాలయ్యా! వాన ఎరగని ఆ దీవుల్లో పక్షిరెట్ట కొండల్లా పేరుకుపోయింది. యూరప్, అమెరికా పొలాలకు అది బంగారంలాంటి ఎరువు. దానికోసం వచ్చిన ఓడలు తమ వంతు వచ్చేదాకా నెలల తరబడి లంగరేసుకుని పడి ఉండేవి. తిండి సరుకులు, తాళ్లు కావాలంటే పెరూలోని కయావో రేవే దిక్కు. గ్రేస్ సరుకు నింపిన ఓడనొకదాన్ని తెచ్చి దీవుల పక్కనే నిలిపాడు. నీళ్ల మీద కిరాణా కొట్టన్నమాట! 1859లో పెళ్లయ్యాక భార్య లిలియస్ కాపురమూ అక్కడే. కళ్లు మండే ఆ దుమ్ములో కాపురం! నీ వ్యాసంలో ఆవిడ పేరైనా లేదు.

ఇంకొకటి. ఆ రెట్ట తవ్వింది ఒప్పందాల మీద చైనా నుంచి తెచ్చిన కూలీలు. మన కోరంగి రేవు నుంచి కూలికి మారిషస్ పోయినవాళ్ల గురించి చదివినవాడివి, నీకు విడమరిచి చెప్పక్కర్లేదు. గ్రేస్ వాళ్ల చేత తవ్వించాడని కాదు. కానీ ఆయన కొట్టు నడిచింది ఆ తవ్వకం వల్లే. 1880లో ఐర్లండ్‌లో మళ్లీ కరువొస్తే సాయానికి డబ్బిచ్చిందీ ఆ చెయ్యే. తీర్పు చెప్పకు, రెండూ పక్కపక్కన పెట్టు.

నేనూ ఈ తప్పు చేశాను. మా ఊరి బట్టల వ్యాపారి మునిసిపల్ ఛైర్మన్ అయితే పన్నెండు పేజీలు పొగిడాను. కొట్టు చిట్టా రాసిన గుమాస్తా ఊసే లేదు. ఆ గుమాస్తా మా నాన్న!

న్యూయార్క్ రాజకీయాల్ని గుప్పిట్లో పెట్టుకున్న టామనీ హాల్ ముఠాతో గ్రేస్ తగాదా రెండు వాక్యాల్లో తేల్చెయ్. 1885లో లిబర్టీ విగ్రహం 214 పెట్టెల్లో దిగినప్పుడు మేయర్ ఆయనే, నిజమే. నువ్వు దాంతో మొదలుపెట్టావు, ఎవరైనా అదే చేస్తారు. దాన్ని వెనక్కి నెట్టి, ఓడతో మొదలుపెట్టు. మొదటి పేరా చదువుతుంటే నేను ముక్కు మూసుకోవాలి.

రాసి పంపు. ఈసారి పేజీకి రెండో వైపు రాయకు, నా కళ్లు ముందులా లేవు.

మీ అన్నయ్య