బయటివాళ్లు రాసిన మారణహోమ జ్ఞాపకాలను ఎలా చదవాలి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

రాయబారులూ సైన్యాధికారులూ రాసిన జ్ఞాపకాల మీద వ్యాసం తలపెట్టావు. ఒకేసారి పది పుస్తకాలు ముందేసుకోకు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఒట్టోమన్ టర్కీలో జరిగిన ఆర్మీనియన్ల ఊచకోత గురించి హెన్రీ మార్గెంథౌ రాసినదానితో మొదలుపెట్టు. 1913 చివరి నుంచి 1916 మొదటి దాకా ఆయన దాని రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌లో (నేటి ఇస్తాంబుల్) అమెరికా రాయబారి. పుస్తకం 1918లో వచ్చింది.

మూడు రంగుల పెన్సిళ్లు దగ్గర పెట్టుకో. కళ్లారా చూసినదానికి ఒక రంగు, ఎవరో చెప్పగా విన్నదానికి ఒకటి, తరవాత తెలుసుకుని కలిపినదానికి మూడోది. ఓ 30 పేజీలు వాక్యవాక్యానికీ గీత గీయి. రాజధానిలో ఉన్న మనిషి కాబట్టి, జనాన్ని ఎడారికి నడిపించిన పేజీలు దాదాపు అన్నీ రెండో రంగులోకి వస్తాయి.

కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. విన్నమాటేగా అని పక్కన పెట్టేస్తారు. జరగనే లేదని వాదించేవాళ్లకు కావలసింది కూడా అదే. విన్నాడు సరే, ఎవరి దగ్గర విన్నాడు? లోపలి ఊళ్లలో ఉన్న కాన్సుళ్లు (రాయబారి కింద పనిచేసే అధికారులు), మిషనరీల దగ్గర. వాళ్ల కాగితాలు ఉన్నాయి, అక్కడికి వెళ్లు. హార్పుత్‌లో కాన్సుల్‌గా ఉన్న లెస్లీ డేవిస్ 1915లో గుర్రమెక్కి గోల్జుక్ సరస్సు చుట్టూ లోయలు తిరిగి, అక్కడ పడి ఉన్న శవాలను స్వయంగా చూశాడు. ఆ నివేదిక ప్రభుత్వానికి రాసింది, పుస్తకంగా వచ్చింది 1989లో. రాయబారి విన్నదానికి కాన్సుల్ చూసినది ఆధారం. రెండూ పక్కపక్కన పెడితేనే నీ వ్యాసం నిలబడుతుంది.

సంభాషణల దగ్గర మరీ జాగ్రత్త. అప్పటి ఒట్టోమన్ మంత్రులు తలాత్, ఎన్వర్‌లతో మార్గెంథౌ మాట్లాడిన మాటలు ఆ పుస్తకంలో కొటేషన్లలో కనిపిస్తాయి. దాని రచనలో బర్టన్ హెండ్రిక్ అనే పత్రికారచయిత చెయ్యి ఉంది. యుద్ధానికి అమెరికా ప్రజల మద్దతు కూడగట్టాలన్న ఉద్దేశమూ ఉంది. అందుకని ప్రతి సంభాషణనూ ఆయన డైరీతో, తంతులతో సరిచూడు. ఒక జాతిని తుడిచిపెట్టే పని సాగుతోందని 1915 జులై 16న ఆయన పంపిన తంతి ఉంది. మూడేళ్ల తరవాత కూర్చిన సంభాషణ కంటే ఆ రోజు రాసిన వాక్యానికే బరువెక్కువ. రెండింటికీ పొసగకపోతే రెండూ చూపించు, ఒకదాన్ని దాచకు.

తరవాత ఒక కాగితం మీద గీత గీసి, పేరుతో పిలవబడి మాట్లాడినవాళ్లను ఒకవైపు, పేరు లేకుండా గుంపుగా వచ్చినవాళ్లను రెండోవైపు రాయి. మొదటివైపు మంత్రులూ జర్మన్ రాయబారీ నిండిపోతారు, ఆర్మీనియన్లు చాలామటుకు రెండోవైపే. ఆయన రోజూ కలిసేది మంత్రులనే కదా. దాంట్లో దురుద్దేశం వెతకకు. కానీ ఆ ఖాళీని బతికి బయటపడ్డవాళ్ల సాక్ష్యాలతో పూరించడం నీ బాధ్యత. టర్కుల స్వభావమే అంత అని ఆయన మొత్తం జాతిని కట్టగట్టి అనే చోట్లనూ విడవకు. నేరం చేయించింది ప్రభుత్వం. ఆ ప్రభుత్వంలోనే గవర్నర్ జెలాల్ బే తరలింపులను ఎదిరించి పదవి పోగొట్టుకున్నాడు.

1994లో టుట్సీ జాతివాళ్లను ఊచకోత కోసిన ఆఫ్రికా దేశం ర్వాండాకు వచ్చేసరికి చిక్కు వేరు. ఐక్యరాజ్యసమితి దళాధిపతి రోమియో డలైర్ అక్కడే ఉన్నాడు, చూశాడు. ఆయుధాల నిల్వల గురించి 1994 జనవరి 11న పైవాళ్లకు హెచ్చరిక పంపాడు. మారణకాండ నడుస్తుండగానే, ఏప్రిల్ 21న భద్రతామండలి దళాన్ని 270 మందికి కుదించాలని తీర్మానించింది. ఆయన జ్ఞాపకాలు వచ్చింది 2003లో. ఆపలేకపోయానన్న వేదన పేజీపేజీలో ఉంటుంది, అది నిజమైన వేదన, దాన్ని తక్కువ చేయకు. అయితే చదువుతూ చదువుతూ మన కళ్లు ఆయన మీదే ఆగిపోయి, చనిపోయిన టుట్సీలు వెనకకు జరిగిపోతారు. అలా జరిగిన పేజీ నంబరు వేసుకో.

చివరగా మాట సంగతి. మారణహోమం అని రాసేస్తాం, కానీ హోమం దేవుడికిచ్చే ఆహుతి, ఇక్కడ ఎవరూ ఎవరికీ ఆహుతి ఇవ్వలేదు. నీ సొంత వాక్యాల్లో జాతిహననం అని రాయి. 1918 నాటి వాక్యాన్ని అనువదించేటప్పుడు మాత్రం వద్దు. ఆ అర్థంతో జెనోసైడ్ అనే ఇంగ్లీషు మాటను న్యాయవాది రఫాయేల్ లెమ్కిన్ పుట్టించింది 1944లో. మార్గెంథౌ నోట జాతి నిర్మూలన అనే ఉంచు.